వెంటిలేటర్ అలారం ఆగకుండా మోగుతుంటే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: అక్కా నమస్తే. జనరల్ వార్డులో చేసి ఈమధ్యే ఐసీయూకి మారిన స్టాఫ్ నర్సుని నేను. మొన్న నైట్ డ్యూటీలో నాకు ఇద్దరు వెంటిలేటర్ పేషెంట్లు. ఒకాయన వాల్యూమ్ కంట్రోల్ మోడ్‌లో (ఒక్కో శ్వాసకి ఇంత గాలి అని సెట్ చేసే పద్ధతి) ఉన్నారు, అర్ధరాత్రి నుంచి హై ప్రెషర్ అలారం మోగుతూనే ఉంది. నేను సైలెన్స్ నొక్కడం, అది మళ్ళీ మోగడం. సీనియర్ అక్క వచ్చి లిమిట్ 40 నుంచి 60కి పెంచేసి "ఇవి ఇలాగే కొట్టుకుంటాయి, ప్రతిదానికీ పరిగెత్తకు" అని వెళ్ళిపోయింది. అలారం ఆగింది గానీ నా గుండె దడ ఆగలేదు. పొద్దున డ్యూటీ వాళ్ళు సక్షన్ చేస్తే చిక్కటి కఫం గడ్డ వచ్చింది, ప్రెషర్ కూడా దిగిపోయింది. పేషెంట్ బాగానే ఉన్నారు. రెండో ఆయన ప్రెషర్ కంట్రోల్‌లో ఉన్నారు, ఆ మెషిన్ రాత్రంతా ఒక్క హై ప్రెషర్ అలారం కూడా ఇవ్వలేదు కాబట్టి ఆయన గురించి నిశ్చింతగా ఉన్నా. నా డౌట్లు ఇవి: లిమిట్ పెంచడం తప్పా? అలారం మోగగానే ముందు ఏం చూడాలి? ఊరికే మోగేవి తగ్గేదెలా? సీనియర్లకి ఎదురు తిరిగినట్టు కాకుండా ఈ మాట ఎలా చెప్పాలి?

సమాధానం: చెల్లీ, నీ గుండె దడ కరెక్టే. దాన్ని భయం అనుకుని వదిలించుకోవద్దు. కొత్తగా వచ్చిన నీకు ఏదో తేడాగా ఉందనిపించింది, తెల్లారేసరికి కఫం గడ్డ రూపంలో దానికి సాక్ష్యం కూడా దొరికింది. ఇక నీ ప్రశ్నలకి వస్తా, అడిగిన వరసలో కాకుండా నాకు ముఖ్యం అనిపించిన వరసలో చెప్తా.

ముందు లిమిట్ సంగతి. హై ప్రెషర్ లిమిట్ అంటే సౌండ్ వచ్చే గీత మాత్రమే అని చాలామంది అనుకుంటారు, కానీ చాలా మెషిన్లలో ప్రెషర్ ఆ గీత తగలగానే మెషిన్ ఆ శ్వాసని అక్కడికక్కడే ఆపేసి గాలిని బయటికి వదిలేస్తుంది, అంటే 450 ఎంఎల్ ఇవ్వమని డాక్టర్ సెట్ చేసినా ఆ శ్వాసలో 200 మాత్రమే వెళ్ళి ఉండొచ్చు. అందుకే హై ప్రెషర్ అలారం మోగుతున్నప్పుడు పక్కనే ఎక్స్‌హేల్డ్ టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో శ్వాసలో బయటికి వచ్చే గాలి, ఎంత వస్తోందో ఒక్కసారి చూడు. హై ప్రెషర్‌తో పాటు లో మినిట్ వాల్యూమ్ (నిమిషంలో వెళ్ళే మొత్తం గాలి తగ్గిందనే అలారం) కూడా మోగుతుంటే ఆ పేషెంట్‌కి గాలి అందట్లేదని అర్థం, ఇంక ఏ పని ఉన్నా వదిలేసి బెడ్ దగ్గరే ఉండాలి.

లిమిట్ 60కి పెంచితే ఏమైందంటే, మెషిన్‌కి గట్టిగా తోసే పర్మిషన్ దొరికింది, వాల్యూమ్ లోపలికి వెళ్ళింది, అలారం ఆగింది, కఫం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అది ఇంకా పెరిగి ట్యూబ్ దాదాపు మూసుకుపోయేదాకా మళ్ళీ ఎవరికీ తెలిసేది కాదు. లిమిట్ పెంచడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు, తీవ్రమైన ఆస్తమా పేషెంట్‌కి డాక్టర్లే కావాలని పెంచుతారు, ఎందుకంటే అక్కడ ప్రెషర్ ఎక్కువ భాగం బిగుసుకుపోయిన గాలిగొట్టాలని దాటడానికే ఖర్చయిపోతుంది, గాలి సంచుల దాకా అంత ప్రెషర్ పోదు, తక్కువ లిమిట్ పెడితే పేషెంట్‌కి అసలు శ్వాసే అందదు. కానీ అది కారణం తెలుసుకుని, డాక్టర్ చెప్పి, కేస్ షీట్‌లో రాసి చేసే పని. కారణం చూడకుండా సౌండ్ ఆపడానికి పెంచడం మాత్రం తప్పే, ఎవరు చేసినా తప్పే.

ఇప్పుడు అలారం మోగగానే ఏం చూడాలి అన్నది. మనిషిని చూడాలి. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు కళ్ళని లాగేస్తాయి, నాకు తెలుసు, కానీ ఆ అక్షరాలు చదివేలోపు పేషెంట్ ఛాతీ మీద చెయ్యి పెట్టెయ్యొచ్చు. రెండు వైపులా సమానంగా లేస్తోందా, పెదాల రంగు ఎలా ఉంది, ముఖంలో యాతన కనిపిస్తోందా, ట్యూబ్ నోట్లో ఎక్కడుంది, శాచురేషన్ ఎంత, హార్ట్ రేట్ ఏమవుతోంది, ఈటీసీఓటూ (వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచేది) పెట్టి ఉంటే దాని అల వస్తోందా లేదా. ఇదంతా చూడ్డానికి పది సెకన్లు చాలు. ఈటీసీఓటూ గీత ఫ్లాట్ అయిపోతే మాత్రం వేరే ఆలోచన పెట్టుకోకు, ట్యూబ్ శ్వాసనాళంలో లేదనో సర్క్యూట్ ఊడిందనో అనుకునే కదులు, కాదని రుజువయ్యేదాకా అదే నిజం.

సైలెన్స్ బటన్ నొక్కొచ్చు, అందులో పాపం ఏమీ లేదు, చాలా మెషిన్లలో అది రెండు నిమిషాల పాటు సౌండ్ ఆపుతుంది. కానీ ఒక చెయ్యి బటన్ మీద ఉంటే ఇంకో చెయ్యి పేషెంట్ మీద ఉండాలి, నొక్కేసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయే పద్ధతి మాత్రం నీకు అలవాటు కాకూడదు. ఆ రెండు నిమిషాలు కారణం వెతకడానికి ఇచ్చిన టైమ్.

పేషెంట్ బాలేదు, శాచురేషన్ పడిపోతోంది లేదా బీపీ దిగుతోంది లేదా ఛాతీ లేవట్లేదు అనుకో, అప్పుడు మెషిన్‌లో ఏం తప్పు జరిగిందో వెతుకుతూ నిలబడకు. గట్టిగా పిలువు, సర్క్యూట్ తీసి ఆంబు బ్యాగ్ పెట్టి 100 శాతం ఆక్సిజన్‌తో చేత్తో శ్వాస ఇవ్వు. ఇక్కడ నీ చేతికి చాలా విషయాలు తెలుస్తాయి. బ్యాగ్ తేలిగ్గా పిండగలుగుతున్నావు, పేషెంట్ తేరుకుంటున్నారు అంటే తప్పు మెషిన్‌లోనో పైపుల్లోనో ఉంది. బ్యాగ్ గట్టిగా ఉంది, పిండినా పోవట్లేదు అంటే తప్పు ట్యూబ్‌లోనో ఊపిరితిత్తుల్లోనో ఉంది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు బ్లెగ్డామ్ హాస్పిటల్లో మెడికల్ స్టూడెంట్లు షిఫ్టుల వారీగా కూర్చుని గొంతులో పెట్టిన ట్యూబ్ ద్వారా చేత్తో బ్యాగ్ పిండుతూ ఎంతోమందిని బతికించారు, ఐసీయూ అనేది అక్కడి నుంచే మొదలైందని అంటారు. వాళ్ళకి ఏ అలారాలూ లేవు, బ్యాగ్ మీద ఉన్న చెయ్యి, ఎదురుగా ఉన్న ముఖం, అంతే. ఇప్పటికీ మెషిన్ మీద డౌట్ వస్తే మనం తిరిగి వెళ్ళేది ఆ చేతి దగ్గరికే, అందుకే డ్యూటీ ఎక్కగానే ప్రతి బెడ్ దగ్గరా ఆంబు బ్యాగ్, మాస్క్, ఆక్సిజన్ కనెక్షన్ ఉన్నాయో లేదో చూసుకోవడం మానొద్దు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి ఇక్కడ. పీప్ (శ్వాస వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే ప్రెషర్) ఎక్కువ మీద ఉన్న ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న) పేషెంట్లకి సర్క్యూట్ ఊరికే తీస్తే తెరుచుకుని ఉన్న గాలి సంచులు మూసుకుపోయి శాచురేషన్ ఇంకా పడిపోతుంది, వాళ్ళకి ఆంబు బ్యాగ్‌కి పీప్ వాల్వ్ తగిలించి ఉండాలి, అవసరం లేకుండా తీయకూడదు. ఆస్తమా, సీఓపీడీ (గాలిగొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) వాళ్ళ సంగతి వేరు, వాళ్ళలో పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాకముందే ఇంకో శ్వాస పడి పడి లోపల గాలి పేరుకుపోతుంది, బీపీ ఢమాల్న పడిపోతుంది, అప్పుడు సర్క్యూట్ తీసి కాసేపు గాలి బయటికి పోనివ్వడమే వైద్యం, ఆ టైమ్‌లో కంగారుగా గబగబా బ్యాగ్ పిండితే ఇంకా చెడిపోతుంది. నెమ్మదిగా ఇవ్వాలి.

ఇలాంటి టైమ్‌లో బుర్ర పనిచెయ్యదు కాబట్టి డోప్ (DOPE, నాలుగు కారణాల ఇంగ్లీషు మొదటి అక్షరాలు) అనే గుర్తు అందరికీ నేర్పిస్తారు, నువ్వూ నేర్చుకునే ఉంటావు. ట్యూబ్ జరిగిందా, ట్యూబ్ మూసుకుపోయిందా, న్యూమోథొరాక్సా (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), పరికరంలో లోపమా, ఈ నాలుగూ ఇదే వరసలో. ఒకవైపు ఛాతీ లేవట్లేదు, స్టెత్ పెడితే ఆ వైపు శబ్దం లేదు, బీపీ పడుతోంది అంటే న్యూమోథొరాక్స్ అనుకుని డాక్టర్‌ని పరిగెత్తించాలి. ఎడమవైపు మాత్రమే లేవకపోతే ట్యూబ్ లోపలికి జారి కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి వెళ్ళే గొట్టంలోకి) దూరి ఉండొచ్చు, పేషెంట్‌ని తిప్పిన తర్వాత ఇది తరచుగా జరుగుతుంది. గడ్డం ఛాతీ వైపు వంగితే ట్యూబ్ లోపలికి పోతుంది, తల వెనక్కి వాలితే పైకి వస్తుంది, అందుకే పొజిషన్ మార్చిన ప్రతిసారీ పెదవి దగ్గర సెంటీమీటర్ మార్కు ఎంత ఉందో చూసి ముందు రాసినదానితో పోల్చు.

పేషెంట్ బాగానే ఉన్నారు, అలారం మాత్రం మోగుతోంది అనుకో. అప్పుడు నోటి దగ్గర మొదలుపెట్టి మెషిన్ దాకా వేలుపెట్టి పైపు వెంట వెళ్ళు. ట్యూబ్ కొరుకుతున్నారా, మడతపడిందా, హెచ్‌ఎంఈ ఫిల్టర్ (గాలిని వెచ్చగా, తేమగా ఉంచేది) కఫంతో తడిసి బరువెక్కిందా, సర్క్యూట్ కిందికి వేలాడిన చోట నీళ్ళు నిలిచి గుడగుడ అంటున్నాయా, పైపు మీద బెడ్ రెయిలింగ్ గానీ పేషెంట్ చెయ్యి గానీ పడి నొక్కేస్తోందా. నీళ్ళు ఉంటే పేషెంట్ వైపు కాకుండా వాటర్ ట్రాప్ వైపు వంచి తీసెయ్యి, హ్యూమిడిఫయర్‌లోకి (గాలికి తేమ కలిపే పరికరంలోకి) వెనక్కి పొయ్యొద్దు.

తర్వాత సక్షన్. నీ పేషెంట్ విషయంలో రాత్రే జరగాల్సింది ఇదే. ప్రెషర్ ఒక్కసారిగా కాకుండా గంటగంటకీ కొంచెం కొంచెం పెరుగుతూ వస్తే ముందు అనుమానించాల్సింది కఫాన్నే, ఛాతీ మీద చెయ్యి పెడితే గరగర తగులుతుంది, ఫ్లో గ్రాఫ్‌లో నున్నగా ఉండాల్సిన గీత రంపం పళ్ళలా కనిపిస్తుంది. సక్షన్‌కి ముందు అరనిమిషం నుంచి నిమిషం 100 శాతం ఆక్సిజన్ ఇవ్వు, ఒకసారికి 15 సెకన్లు దాటనివ్వకు, కాథెటర్ లావు ట్యూబ్ లోపలి వెడల్పులో సగం మించకూడదు. గంటకోసారి అని టైమ్ టేబుల్ పెట్టుకుని చేసేది కాదు ఇది, అవసరం కనిపించినప్పుడు చెయ్యాలి, అవసరం కనిపించినప్పుడు మాత్రం నెక్స్ట్ షిఫ్ట్‌కి వదలకూడదు. ఇంకొకటి, కాథెటర్ లోపలికి పోవట్లేదు, ఎక్కడో ఆగిపోతోంది అంటే అది చిన్న విషయం కాదు. కొరకట్లేదు, మడత లేదు, అయినా పోవట్లేదంటే ట్యూబ్ మూసుకుపోతోంది, అప్పుడే డాక్టర్‌ని పిలిచెయ్, ట్యూబ్ మార్చాల్సి రావచ్చు.

సక్షన్ చేశావు, పైపులు చూశావు, అయినా ప్రెషర్ దిగలేదు అనుకో. డాక్టర్‌కి ఫోన్ చేసేముందు నీ దగ్గర పీక్ (గాలి తోసేటప్పుడు వచ్చే గరిష్ఠ ప్రెషర్) ఎంత, ప్లాటో (గాలి ఆగినప్పుడు గాలి సంచుల్లో ఉండే ప్రెషర్) ఎంత అనే రెండు అంకెలు ఉంటే ఫోన్‌లో మాట వేరేగా నడుస్తుంది. ఇన్‌స్పిరేటరీ హోల్డ్ బటన్ నొక్కితే గాలి లోపల అర సెకను పాటు ఆగి ప్లాటో ప్రెషర్ చూపిస్తుంది, పేషెంట్ సొంతంగా గట్టిగా పీలుస్తుంటే ఆ అంకె నమ్మలేం, నీకు అనుమతి లేకపోతే థెరపిస్ట్‌తోనో డాక్టర్‌తోనో చేయించు. తోటకి నీళ్ళు పెట్టే పైపు మడతపడితే మోటార్ దగ్గర ఒత్తిడి పెరుగుతుంది గానీ చెట్టు మొదట్లో పెరగదు కదా, ఇదీ అంతే. పీక్ 45, ప్లాటో 22 అంటే గొట్టాల్లో అడ్డం ఉంది, కఫమో కొరకడమో బ్రాంకోస్పాజమో (గాలిగొట్టాలు బిగుసుకోవడం). పీక్ 45, ప్లాటో 38 అంటే ఊపిరితిత్తులే గట్టిపడ్డాయి, న్యూమోథొరాక్స్, ట్యూబ్ ఒకవైపు పోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, పొట్ట ఉబ్బి కింద నుంచి తోయడం, వీటిలో ఏదో ఒకటి చూడాలి. ప్లాటో సాధారణంగా 30 సెంటీమీటర్ల వాటర్ ప్రెషర్ దాటకుండా చూసుకుంటారు, అది దాటిన పేషెంట్‌కి లిమిట్ పెంచుకుంటూ పోవడం అంటే ఊపిరితిత్తులని గాయపరచడమే.

ఇప్పుడు నీ రెండో పేషెంట్ దగ్గరికి వద్దాం. నిజం చెప్పాలంటే నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఈయనే. ప్రెషర్ కంట్రోల్ మోడ్‌లో మెషిన్ నువ్వు పెట్టిన ప్రెషర్ దగ్గరే ఆగిపోతుంది, ట్యూబ్‌లో కఫం నిండినా ప్రెషర్ పెరగదు కాబట్టి దగ్గినప్పుడు తప్ప హై ప్రెషర్ అలారం మోగే అవకాశమే ఉండదు. మారేది వాల్యూమ్. 450 వచ్చే చోట 400, తర్వాత 320, తర్వాత 250 వస్తాయి, ప్రెషర్ మాత్రం కదలకుండా అదే అంకె చూపిస్తూ ఉంటుంది. మొదటి ఆయనకి పట్టిన కఫమే ఈయనకి పట్టి ఉంటే మెషిన్ అరిచేది కాదు. అందుకే ఈ మోడ్‌లో నిన్ను కాపాడేవి లో టైడల్ వాల్యూమ్, లో మినిట్ వాల్యూమ్ అలారాలు. మినిట్ వాల్యూమ్ లిమిట్ మెషిన్ ఆన్ చేసినప్పుడు వచ్చిన డిఫాల్ట్ దగ్గరే, ఏ 2 లీటర్ల దగ్గరో వదిలేస్తే, 8 లీటర్లు తీసుకునే పేషెంట్ 4కి పడిపోయినా అది నోరు విప్పదు. పైగా వాల్యూమ్ తగ్గేకొద్దీ పేషెంట్ గబగబా పీలుస్తారు కాబట్టి మినిట్ వాల్యూమ్ చాలాసేపు మామూలుగానే కనిపిస్తుంది, టైడల్ వాల్యూమ్ అలారం కూడా విడిగా పెట్టుకోవాల్సింది ఇందుకే. మళ్ళీ ప్రెషర్ కంట్రోల్ పేషెంట్ వచ్చినప్పుడు గంటగంటకీ ఎక్స్‌హేల్డ్ టైడల్ వాల్యూమ్ చార్ట్‌లో రాయి, పైన రాసిన అంకెతో పోల్చుకుంటూ రాయి, పడిపోతుంటే అక్కడే కనిపిస్తుంది.

లో ప్రెషర్, లో వాల్యూమ్ అలారాల్లో మొదట చూడాల్సింది ఎక్కడన్నా ఊడిందా అనే. ట్యూబ్‌కీ సర్క్యూట్‌కీ మధ్య జాయింట్, నెబ్యులైజర్ తీసేశాక మూత పెట్టని పోర్ట్, టెంపరేచర్ ప్రోబ్ కన్నం, హ్యూమిడిఫయర్ చాంబర్, నేనైతే ఈ చోట్లన్నీ చేత్తో నొక్కి చూస్తా, కంటితో చూస్తే బిగించినట్టే కనిపిస్తాయి. అవన్నీ బాగుంటే కఫ్ (శ్వాసనాళంలో ట్యూబ్ చుట్టూ గాలి లీకవ్వకుండా ఉండే బెలూన్) చూడాలి, గొంతులో గుడగుడ శబ్దం వస్తోందా, పేషెంట్ నుంచి మాటలాంటి ధ్వని వస్తోందా అని. ట్యూబ్ సరైన చోట ఉండి కఫ్ నిండుగా ఉంటే గొంతు వినిపించకూడదు. కఫ్ ప్రెషర్ మీటర్ పెట్టి 20 నుంచి 30 సెంటీమీటర్ల వాటర్ ప్రెషర్ మధ్య ఉంచాలి, పైన బెలూన్ వేళ్ళతో నొక్కి అంచనా వేస్తే సరిపోదు.

ఇక్కడ చాలామంది ఒక ఉచ్చులో పడతారు. లీక్ అవుతోంది, గాలి ఎక్కించారు, ఆగింది, గంటకి మళ్ళీ లీక్, మళ్ళీ ఎక్కించారు. ఇలా పదేపదే గాలి కావాల్సి వస్తుంటే కఫ్ చిరిగిందేమో అనుకునేముందు ట్యూబ్ పైకి జారిందేమో చూడాలి. కఫ్ స్వరపేటిక దగ్గరికి వచ్చేస్తే అక్కడ ఎంత గాలి ఎక్కించినా సీల్ అవ్వదు, ఎక్కించేకొద్దీ ట్యూబ్ ఇంకా పైకి వస్తుంది, ఒక్క దగ్గుతో మొత్తం బయటికి వచ్చెయ్యొచ్చు. పెదవి దగ్గర మార్కు 22 ఉండాల్సింది 18 ఉంటే సిరింజి పక్కన పెట్టి డాక్టర్‌ని పిలువు.

ఇక ఊరికే మోగేవి తగ్గించడం. ఇది సౌకర్యం కోసం అడిగిన ప్రశ్నలా నువ్వు మొహమాటంగా అడిగావు గానీ ఇది పేషెంట్ ప్రాణానికి సంబంధించిన ప్రశ్నే. అమెరికాలో హాస్పిటళ్ళకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఒక హెచ్చరిక ఇచ్చింది, 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు తమ దగ్గరికి వచ్చిన 98 అలారం సంబంధిత ఘటనల్లో 80 మంది చనిపోయారని. సౌండ్ ఆపెయ్యడం, లిమిట్లు పేషెంట్‌కి తగ్గట్టు పెట్టకపోవడం, విని విని అలవాటైపోయి పట్టించుకోకపోవడం, ఇలాంటివే కారణాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు 77 ఐసీయూ బెడ్‌ల మానిటర్లని 31 రోజులు రికార్డ్ చేసి 2014లో ప్రచురించారు, ఒక్కో బెడ్‌కి రోజుకి సగటున 187 సౌండ్ అలారాలు వచ్చాయి. అందులో వెంటిలేటర్లు కలపలేదు. ఆ మోతలో ఎవరి చెవైనా మొద్దుబారుతుంది చెల్లీ, మీ సీనియర్ అక్క కూడా ఒకప్పుడు నీలాగే పరిగెత్తి ఉంటుంది.

మోత తగ్గాలంటే లిమిట్లు దూరంగా జరపడం కాదు, ఆ మనిషికి సరిపోయేలా పెట్టాలి, మోగించే కారణాన్ని తీసెయ్యాలి. హ్యాండోవర్ అవ్వగానే, పేషెంట్ ప్రశాంతంగా ఉన్నప్పుడు మామూలు అంకెలు చూసుకో. హై ప్రెషర్ ఆయన పీక్ కన్నా 10 నుంచి 15 పైన, లో మినిట్ వాల్యూమ్ ఆయన తీసుకునేదాని కన్నా పాతిక శాతం దాకా కింద, అప్నియా (శ్వాస ఆగిపోయిందనే అలారం) సాధారణంగా 20 సెకన్లు, ఇలా మొదలుపెట్టి మీ యూనిట్ పద్ధతి ప్రకారం సర్దుకో. మోడ్ మారినా, కొత్త సెట్టింగ్ ఇచ్చినా, మెషిన్ ఆఫ్ చేసి ఆన్ చేసినా మళ్ళీ చూడాలి, డిఫాల్ట్‌కి వెళ్ళిపోయి ఉండొచ్చు. సౌండ్ వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టారేమో కూడా చూడు, రాత్రిపూట చాలాచోట్ల అది జరుగుతుంది. సక్షన్ చేసేముందు సైలెన్స్ నొక్కుకుంటే అనవసరపు మోత ఉండదు, అది సరైన వాడకమే.

హై రెస్పిరేటరీ రేట్ అలారం గురించి విడిగా చెప్పాలి, అనవసరంగా మత్తు ఎక్కించేది దీనికే ఎక్కువ. నిమిషానికి 38 అని చూపిస్తోంది అనుకో. ఛాతీ వైపు చూసి లెక్కపెట్టు. పేషెంట్ నిజంగా ప్రయత్నం చెయ్యకుండానే మెషిన్ శ్వాసలు ఇచ్చేస్తుంటే అది ఆటో ట్రిగ్గర్, పైపులో ఊగే నీళ్ళని, కఫ్ లీక్‌ని, ఒక్కోసారి గుండె కొట్టుకునే అదురుని కూడా మెషిన్ శ్వాస అనుకుంటుంది. నీళ్ళు తీసేస్తే, లీక్ ఆపితే ఆగిపోతుంది, లేకపోతే ట్రిగ్గర్ సెట్టింగ్ డాక్టర్‌తో మార్పించాలి. ఫ్లో సెన్సర్ తడిసినా తప్పుడు అంకెలే వస్తాయి. గ్యాస్‌తో నడిచే నెబ్యులైజర్ బయటి నుంచి కలిపితే ఆ గాలి కూడా కలిసి వాల్యూమ్ ఎక్కువ చూపిస్తుంది, ఆ టైమ్‌లో లీక్ ఉన్నా అలారం రాకపోవచ్చు కాబట్టి నెబ్యులైజేషన్ అయ్యేదాకా పేషెంట్‌ని కళ్ళతో చూస్తూ ఉండాలి, హెచ్‌ఎంఈ ముందు తీసెయ్యాలి, అయ్యాక మళ్ళీ పెట్టడం మర్చిపోకూడదు.

పేషెంటే నిజంగా గబగబా పీలుస్తుంటే ఆయనకి ఏదో కావాలి. నొప్పా, జ్వరమా, గాలి చాలట్లేదా, యూరిన్ కాథెటర్ మూసుకుపోయి పొట్ట ఉబ్బిందా, భయమా. ట్యూబ్ ఉన్న మనిషి నోరు తెరిచి చెప్పలేరు, అలారం రూపంలోనే చెప్తారు. ముఖం దగ్గరికి వంగి, పేరు పెట్టి పిలిచి, నొప్పిగా ఉందా, ఉంటే కళ్ళు మూసి తెరవండి అని అడుగు. మత్తు మందు పెంచే ఆర్డర్ అడిగేముందు ఈ రెండు నిమిషాలు పెట్టు, చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

గ్యాస్ సప్లై, పవర్, బ్యాటరీ అలారాలకి ఎక్కువ చెప్పేదేం లేదు, అవి వస్తే తర్కం వద్దు, ఆంబు బ్యాగ్ చేతిలోకి తీసుకుని సహాయం పిలవడమే.

చివరిగా సీనియర్ అక్క విషయం. ఆవిడ చేసింది తప్పు అని అందరి ముందు నిరూపించాల్సిన పని నీకు లేదు, కానీ మౌనంగా ఉండటం కూడా కుదరదు, ఎందుకంటే ఆ బెడ్ నీది. అభిప్రాయాలు పక్కన పెట్టి అంకెలు మాట్లాడు. "అక్కా, పది గంటలకి పీక్ 28 ఉంది, ఇప్పుడు 43, టైడల్ వాల్యూమ్ 450 నుంచి 310కి పడింది, గరగర తగులుతోంది, నేను సక్షన్ చేస్తా, ఒక్కసారి పక్కన ఉంటారా" అని అడిగి చూడు. ఇందులో ఎదురు చెప్పడం లేదు, సాయం అడగడమే ఉంది, ఇలా అడిగితే కాదనే సీనియర్లు తక్కువ. ఆవిడ లిమిట్ మార్చేస్తే "డాక్టర్‌కి చెప్పి చార్ట్‌లో రాసేస్తానక్కా, ఏ కారణం రాయమంటారు" అని మామూలు గొంతుతో అడుగు. కారణం ఉంటే చెప్తారు, నువ్వు కొత్త విషయం నేర్చుకుంటావు. లేకపోతే ఇద్దరూ కలిసి మళ్ళీ పేషెంట్ వైపు చూస్తారు. అప్పటికీ వినకపోతే డ్యూటీ డాక్టర్‌కి నేరుగా ఫోన్ చెయ్, అర్ధరాత్రి అయినా సరే, ప్రెషర్ పెరుగుతూ వాల్యూమ్ పడుతున్న పేషెంట్ గురించి చేసిన ఫోన్‌కి ఎవరూ నిన్ను తప్పు పట్టకూడదు, పట్టినా నువ్వు బాధపడకు. ఇంకా, హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు మందులు, డ్రిప్‌లు చెప్పినట్టే అలారం లిమిట్లు కూడా నోటితో చెప్పడం నువ్వే మొదలుపెట్టు, హై ప్రెషర్ ఇంత, మినిట్ వాల్యూమ్ ఇంత, రాత్రి ఇన్ని గంటలకి ఫలానా కారణంతో మార్చాం అని.